గురివింద కళ్ళు

మా నాయనమ్మ బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. నల్ల రెక్సిన్ అట్ట, కుట్టు వదిలి దారాలు బయటికొచ్చాయి. బల్ల మీద పెట్టి చేయి తీసేస్తే చాలు, దానంతటదే ఒక్కచోటే తెరుచుకుంటుంది. 115వ కీర్తన. నాయనమ్మ ఆ కీర్తన అంతగా చదివిందేమో అనుకునేరు. కాదు. ఆ పేజీల మధ్య ఒక గురివింద గింజ నలభై ఏళ్ళ పైచిలుకుగా పడుకుని ఉంది.

అది అక్కడికెలా చేరిందో చెప్పాలంటే కొసపేట వెళ్ళాలి.

మద్రాసులో పురసవాక్కం దాటాక వస్తుంది కొసపేట. అరవంలో కొసవన్ అన్నా, కుయవన్ అన్నా కుమ్మరే. అంటే కుమ్మరిపేట. నాన్న పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరు. రోజూ సైకిలు మీద వెళ్ళొచ్చేవాడు. కొసపేట సందులో ఒక లైనింట్లో మాదొక పోర్షను. గది, వంటిల్లు, అందరికీ కలిపి ఒక బావి. ఎటు చూసినా మట్టే. ఎండబెట్టిన మట్టి, నానబెట్టిన మట్టి, తొక్కుతున్న మట్టి. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు గడప కడిగేది.

ఎదురుగా బొమ్మల తాత కొట్టం. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. సంవత్సరమంతా ఆయనకు పండగలే. వినాయక చవితికి పిళ్ళయార్లు, దసరాకు కొలువు బొమ్మలు, కార్తీకానికి ప్రమిదలు, పొంగలికి కుండలు. డిసెంబరులో క్రిస్మస్ సెట్టు కూడా చేసేవాడు. పశువుల తొట్టి, మరియమ్మ, గొర్రెల కాపరులు. ఆయన చేసిన యోసేపుకీ కొలువులో కూర్చునే బొజ్జ చెట్టియారుకీ మొహం ఒక్కటే. గడ్డం తేడా, అంతే.

మేము బాప్టిస్టులం. ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళం. 1878 జూలైలో వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, అందులో తన తాత ఉన్నాడని నాయనమ్మ అనేది. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. అందరి తాతలూ ఆ రోజే దిగితే గుండ్లకమ్మ పట్టదు. కానీ నాయనమ్మ ముందు ఆ మాట అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

1978లో, అంటే ఆ బాప్తిస్మాలకు నూరేళ్ళు నిండిన ఏట, నాకు తొమ్మిదేళ్ళు. చవితి ముందురోజు సాయంత్రం. సందు నిండా జనం. తాత అచ్చు మీద అచ్చు తీస్తున్నాడు. రెండు చెక్కల అచ్చు అది. లోపల బూడిద చల్లి, ముద్ద మట్టి పెట్టి, బొటనవేళ్ళతో మూలమూలకీ నొక్కి, రెండు చెక్కలూ కలిపి మోకాలితో అదిమేవాడు. విప్పగానే లోపలి నుంచి తడి మెరుపుతో పిళ్ళయార్ దిగేవాడు. తొండం ఉంది, చెవులున్నాయి, బొజ్జ మీద పాము ఉంది. కళ్ళ చోట రెండు గుంటలు.

కళ్ళు పెట్టే పని పిల్లలది. ఆ రోజు ఆయన మనవరాలికి జ్వరం. గడపలో నిలబడి చూస్తున్న నన్ను పిలిచాడు.

"ఏమ్మా, చెయ్యి కడుక్కోని రా."

కొబ్బరి చిప్ప నిండా గురివింద గింజలు. ఎర్రగా నున్నగా, ప్రతి గింజకూ ఒక కొసన నల్ల చుక్క. "నలుపు బయటికి రావాల. ఎరుపు బయటికొస్తే సామి కోపంగా ఉండాడని కొనరు. శానా నొక్కొద్దు, కళ్ళు లోపలికి పోయి కరువునాటి పిళ్ళయారవుతాడు. మెల్లిగా నొక్కితే రాలిపోతుంది. బఠాణీ గింజ చర్మం చిట్లకుండా నొక్కినట్టు నొక్కు." ఇదీ ఆయన పాఠం. నాలుగో బొమ్మకు చేయి కుదిరింది.

ఆ తడి మట్టిలోకి గింజ దిగేటప్పుడు వేలికి తెలిసే మెత్తదనం ఇప్పటికీ గుర్తుంది. గింజ పడే క్షణం దాకా అది మట్టి ముద్ద. రెండో గింజ పడగానే అది నావైపు చూసేది. నేను కాస్త పక్కకు జరిగేదాన్ని. జరిగినా చూసేది.

నలభై మూడు బొమ్మలకు పెట్టాను. లెక్క నాది, తాతది కాదు. పావలా ఇచ్చాడు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పకూడదని తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఆదివారం వేపేరి వైపు మా తెలుగు గుళ్ళో సండే స్కూలు. ఆ వారం టీచరమ్మ ఇచ్చిన కంఠస్థ వాక్యం 115వ కీర్తన, నాలుగు నుంచి ఎనిమిది వరకు. చవితి వారం కాబట్టే ఇచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నన్ను చూసే ఇచ్చిందనుకున్నాను.

"వారి విగ్రహములు వెండి బంగారువి, అవి మనుష్యుల చేతిపనులు. వాటికి నోరుండియు పలుకవు, కన్నులుండియు చూడవు. చెవులుండియు వినవు, ముక్కులుండియు వాసనచూడవు. చేతులుండియు ముట్టుకొనవు, పాదములుండియు నడువవు, గొంతుకతో మాటలాడవు."

నా వెనక కూర్చునే కుర్రాళ్ళకు ఈ వాక్యం అంటే ప్రాణం. ఇదే మాట 135వ కీర్తన చివర కూడా దాదాపు ఇలాగే వస్తుంది. ఒకటి నేర్చుకుని రెండు వాక్యాల కార్డులు కొట్టేయొచ్చు. నాకు ఆ ఆనందం లేదు. వెండి బంగారువి అంది కదా, మట్టివైతే పర్వాలేదేమో అని ఆశపడి అడిగాను. టీచరమ్మ నిర్గమకాండం 20వ అధ్యాయం తెరిచింది. పైన ఆకాశంలో, కింద భూమి మీద, భూమి కింద నీళ్ళలో ఉన్న దేని రూపాన్నీ చేసుకోకూడదు. సందు లేకుండా మూసేశారు.

ఆ తర్వాత దాగోను కథ. ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల పవిత్రమైన పెట్టెను, అదే నిబంధన మందసాన్ని, ఎత్తుకుపోయి అష్డోదులో తమ దేవుడు దాగోను గుళ్ళో పెట్టారు. తెల్లారేసరికి దాగోను బోర్లా పడి ఉన్నాడు. లేపి నిలబెట్టారు. మర్నాడు మళ్ళీ పడ్డాడు, ఈసారి తలా చేతులూ విరిగి గడప మీద. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. ఆ రోజే మా వెనక బెంచీ వీరులు ముగ్గురు, బైబిల్లో బయలు దేవుడి బలిపీఠాన్ని పడగొట్టిన గిద్యోనులా బయలుదేరి ఒక సందు చివరి రావిచెట్టు కింది నాగరాళ్ళను పడగొట్టాలని తీర్మానించుకున్నారు. ఆ చెట్టు కింద ఒక కుక్క ఈనింది. ఇశ్రాయేలు సైన్యం వేపేరి హైరోడ్డు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఎనిమిదో వచనం. "వాటిని చేయువారును వాటియందు నమ్మికయుంచువారందరును వాటివంటివారై యున్నారు."

చేయువారును. నమ్మిక నాకు లేదు, సరే. చేయువారిలో ఉన్నాను కదా. నలభై మూడు బొమ్మలు, ఎనభై ఆరు కళ్ళు.

గురువారం పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు అంటుకుపోయాయి. అమ్మ గోరువెచ్చని నీళ్ళతో తుడిచి తెరిపించింది. గోడకున్న అద్దంలో చూసుకుంటే ఎర్రటి కళ్ళు, మధ్యలో నల్ల చుక్కలు. అచ్చం గురివిందలు.

మద్రాసులో ఉన్నవాళ్ళకు అదేమిటో చెప్పక్కర్లేదు. మద్రాస్ ఐ. కండ్లకలక. ఊరి పేరు పెట్టుకున్న రోగం, ఏటా వానలకు ముందో వెనకో ఊరంతా చుట్టేసేది. నాకు మాత్రం కీర్తన నెరవేరింది. ఇక చెవులు, ముక్కు, చివరికి గొంతుక, వరుసగా పోతాయని నిశ్చయించుకుని, పోయేలోపు తినాల్సినవన్నీ తినేయాలని అమ్మను బోండాలు అడిగాను.

నాన్న సెలవు పెట్టి ఎగ్మూరు కంటాసుపత్రికి తీసుకెళ్ళాడు. 1819లో పెట్టిన ఆసుపత్రి అది, దేశంలో అంత పాతది ఇంకోటి లేదు. వరండా అంతా నాలాంటి ఎర్ర కళ్ళే. ఒక బామ్మ, ఒక పోలీసు, బురఖా వేసుకున్న ఒకామె, జంధ్యం వేసుకున్న ఒకాయన. ఇంతమంది కళ్ళు పెట్టారా అని ఆశ్చర్యపోయాను. చుక్కల మందు, నల్ల కళ్ళజోడు ఇచ్చి పంపారు.

ఆ రాత్రి నాయనమ్మ పక్కలో పడుకుని ఏడుస్తూ చెప్పేశాను. చీకట్లో ఆమె మొహం కనబడలేదు.

"ఎన్ని పెట్టావే?"

"నలభై మూడు మందికి."

"రెండేసి లెక్కనా?"

"ఊఁ."

కాసేపు మాట్లాడలేదు. ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాను.

"డబ్బులేమన్నా ఇచ్చాడా?"

పావలా అన్నాను. "తక్కువిచ్చాడు," అంది.

తర్వాత లేచి కూర్చుంది. "పక్కింటి పిల్లకి వచ్చిందే కళ్ళకలక. ఆ మూలింటి మొదలియారుకీ వచ్చింది. వాళ్ళేం కళ్ళు పెట్టారు? ఆ కీర్తన నిన్ను బెదిరించడానికి రాసింది కాదే. అట్టా చదవమాక." మరి ఎట్టా చదవాలంటే, వాళ్ళ తాత సంగతి చెప్పింది. మాదిగ పల్లె. ఊళ్ళో గుడి. గుడికి కావలసిన తోలు పనంతా వాళ్ళు చేసేవాళ్ళు. ఉత్సవానికి డప్పులు వాళ్ళవి. లోపలికి మాత్రం అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఊళ్ళో పుట్టి, పాతికేళ్ళు ఆ దేవుడి ముందు డప్పు కొట్టినవాడికి ఆ విగ్రహం నిలబడి ఉందో కూర్చుని ఉందో తెలియదు.

"టీచరమ్మేమో కన్నులుండియు చూడవంటే రాయి కదా, ఎట్టా చూస్తుంది అని చెబుతుంది. మా తాత ఏమనేవాడో తెలుసా? డప్పు పగిలేదాకా కొట్టినా, ఒక్కసారి ఇటు చూసిందా? చెవులుండియు వినవు అన్నచోట ఆయన గట్టిగా ఆమేన్ అనేవాడంట. పాదిరి దొర ఇంకా వాక్యం ముగించకముందే."

1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. వచ్చేసరికి మా వాళ్ళు గుండ్లకమ్మలో మునిగి లేచి దాదాపు డెబ్భై ఏళ్ళు.

మర్నాడు సాయంత్రం నాకు నల్ల కళ్ళజోడు పెట్టి, చంకలో బైబిలు సంచి వేసుకుని ఎదురు కొట్టంలోకి నడిచింది నాయనమ్మ. నేను వణికిపోయాను. తాతతో గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. ఆయన దసరా బొమ్మల పనిలో ఉన్నాడు. నన్ను చూడగానే, "ఏమ్మా, కూలీ చాల్లేదని కన్నెర్ర చేసినావా?" అన్నాడు.

నాయనమ్మ బోర్లించిన తొట్టి మీద కూర్చుంది. "అన్నా, మా పిల్ల మా పుస్తకంలో ఒకటి చదివి బెదురుకుంది. బొమ్మలు చేసేవాళ్ళు కూడా బొమ్మల్లాగే అయిపోతారని ఉంది."

"ఏదీ, చెప్పమ్మా."

కళ్ళజోడు వెనక కళ్ళు మూసుకుని గడగడా అప్పచెప్పాను. ఆయన చేతులు ఆగలేదు. ఒక రాధమ్మ మెడను తడి గుడ్డతో నిమురుతూ విన్నాడు. అయ్యాక, "మళ్ళా చెప్పు, మెల్లిగా," అన్నాడు. మళ్ళా చెప్పాను.

"ఇది చెప్పినాయన చేసేవాడు కాదు, చూసేవాడు," అన్నాడు తాత. "నోరు, కళ్ళు, చెవులు, ముక్కు, చేతులు, కాళ్ళు. పైనించి కిందకి వచ్చినాడు. చేసేవాడు ఎప్పుడూ కిందనించి పైకి పోతాడు. పీట, కాళ్ళు, బొజ్జ, చేతులు, తల. కళ్ళు అన్నిటికన్నా కడాన. చివర్లో మళ్ళా గొంతుకలోకి వచ్చినాడు, చూడు. మరిచిపోయి ఉండాడు."

ఆ కీర్తన మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఈ మాట ఏ పాదిరిగారి నోటా వినలేదు.

నాయనమ్మకు పట్టుదల వచ్చింది. బైబిలు తీసి యెషయా ప్రవక్త గ్రంథంలో 44వ అధ్యాయం వెతికింది. ఒంగోలు మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివింది, వేలు పెట్టుకుని రాగం తీస్తూ చదివేది. వడ్లవాడు నూలు వేస్తాడు, గీత గీస్తాడు, చిత్రిక పడతాడు, మనిషి రూపం తెస్తాడు. అదే మానులో సగం పొయ్యిలో పెట్టి చలి కాచుకుంటాడు, మాంసం వండుకుంటాడు, కడుపు నిండాక మిగిలిన సగానికి సాగిలపడి, నన్ను రక్షించు నువ్వే నా దేవుడివి అంటాడు.

తాత నవ్వు దగ్గులోకి దిగింది. "ఈయన మాత్రం పని కాడ కూచున్నాడు. నూలు ముందు, చిత్రిక తర్వాత. వరస తప్పలేదు. ఒకపూటంతా కూచోనిదే ఇట్లా చెప్పలేడు." పాత చెక్క అచ్చులు పగిలితే వాళ్ళింట్లోనూ పొయ్యిలోకే పోతాయని చెప్పాడు. "సామిని తెచ్చిన చెక్కే అన్నం ఉడికించింది. ఇందులో దాచిపెట్టేదేముండాది? మా ఆవిడ రోజూ చూస్తానే ఉండాది."

"మరి మొక్కేదెందుకన్నా?"

"నా కాడ ఉన్నంతవరకు మట్టేనక్కా. జీవం ఉండాదని నేనెప్పుడంటిని? కొనుక్కోని పోయినోళ్ళు పిలుస్తారు, వస్తాడు. మూడోనాడు పొమ్మంటారు, పోతాడు. పోయినాకనే గదా బావిలో వేసేది. ఉండేవాడిని ఎవురన్నా బావిలో వేస్తారా?"

నాయనమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకునే మనిషి కాదు. "పిలిస్తే వచ్చేవాడైతే మా తాత పిలిస్తే రాలేదేం?"

దానికి ఆయన వెంటనే బదులు చెప్పలేదు. మెడ నిమరడం ఆపి చేతులు తొట్టిలో కడుక్కున్నాడు. "నన్నూ అంతేనక్కా. కళ్ళు పెట్టేదాకా నా తొడ మీద ఉంటాడు. పూజలో పెట్టినాక నేనూ ముట్టకూడదు." మళ్ళీ ఆయనే తేరుకుని, "అదిసరే గానీ, మీ పుస్తకంలో వడ్లాయన్ని చెప్పినాడు, కుమ్మరిని విడిచిపెట్టినాడే? మేమంత లోకువా?" అన్నాడు.

ఇది నిజం. యెషయా కమ్మరిని ఎత్తుకున్నాడు, వడ్రంగిని ఎత్తుకున్నాడు, మరోచోట కంసాలిని ఎత్తుకున్నాడు. కుమ్మరి జోలికి రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక కతోలిక స్నేహితురాలి బైబిల్లో సొలోమోను జ్ఞానగ్రంథం చూశాను. అందులో 15వ అధ్యాయంలో కుమ్మరిని బాగానే దులిపేశారు. ఒకే మట్టితో కుండా చేస్తాడు, దేవుణ్ణీ చేస్తాడు అని. మా బాప్టిస్టు బైబిల్లో ఆ పుస్తకం లేకపోవడం ఆ సాయంత్రానికి మంచిదే అయింది. ఎందుకంటే నాయనమ్మ అదే యెషయాలో ఇరవై అధ్యాయాలు తిప్పి 64 దగ్గర ఆగి చదివింది. "మేము జిగటమన్ను, నీవు మాకు కుమ్మరివాడవు. మేమందరము నీ చేతిపనియై యున్నాము."

తాత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ చదివించుకున్నాడు.

"మీ సామి కుమ్మరా?"

"ఊఁ."

"మావాడే!"

సందు సందంతా వినబడేలా నవ్వాడు. లోపలి నుంచి ఆయన భార్య తొంగి చూసింది. "ఏమే, విన్నావా, ఈళ్ళ సామి మన కులపోడంట!" అప్పుడు నావైపు, మా నాయనమ్మవైపు, గోడ పక్కన ఆరుతున్న బొమ్మలవైపు చూసి, వృత్తివాడు ఇంకో వృత్తివాడి సరుకు చూసినట్టు తలాడించాడు. "చెయ్యి మంచిదేనక్కా. కాకపోతే కొన్నిటిని సరిగా కాల్చకనే దింపేసినాడు."

నాయనమ్మ ఆ మాటకు ఎంత నవ్విందంటే, పళ్ళసెట్టు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె మా సంఘంలో ఎవరి మీద విసుక్కున్నా, "కాలలేదు, పచ్చిగా దింపాడు," అనేది. ఎక్కడి మాటో అక్కడ ఎవరికీ తెలియదు.

వచ్చేటప్పుడు తాత నా చేతిలో ఒక గింజ పెట్టాడు. "కూలీ బాకీ. తక్కువిచ్చినానని మీ నాయనమ్మ అనుకోని ఉంటుంది." మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సందు దాటుతూ నాయనమ్మ నా అరచేతిలో గింజను దీపపు వెలుగులో తిప్పి చూసింది. "గురివింద గింజ తన నలుపెరగదంటారు, విన్నావా?"

"ఎవర్ని గురించి?"

"టీచరమ్మ గురించి అననా, నా గురించి అననా? పద, అన్నాలకు పొద్దుపోయింది."

గురివింద విషం. నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. మా తమ్ముడికి అప్పుడు మూడేళ్ళు, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేవాడు. వాడికి అందకుండా, వాడు ముట్టుకోకూడదని భయపడే చోటు ఇంట్లో ఒక్కటే. అలా బైబిల్లోకి పోయింది ఆ గింజ. కీర్తనల దగ్గర పెట్టడం మాత్రం నాయనమ్మ చూసే పెట్టిందో, తెరిచిన చోట పెట్టిందో, అడగాలని నాకు తోచలేదు.

ఆ రోజుల్లో మద్రాసులో వీధి వినాయకులు పెద్దగా లేరు. ఇళ్ళలో జానెడు బొమ్మలు, మూడోనాడు పెరటి బావి. 80ల తర్వాత పదడుగులవి, పదిహేనడుగులవి మొదలయ్యాయి. లారీల మీద, మీన్‌బాడీ అనే మూడు చక్రాల బండ్ల మీద ఊరేగి పట్టినపాక్కం సముద్రం దాకా. అక్కడ క్రేనుతో ఎత్తి దింపాలి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడదన్నాక తీరు కాస్త మారింది గానీ, అంతకు ముందు మర్నాడు పొద్దున ఇసుక మీద విరిగిన చేతులు, తొండాలు కొట్టుకొచ్చేవి. మా సంఘ పెద్ద ఒకాయన ఏటా మర్నాడు అక్కడికి వాకింగుకు వెళ్ళి వచ్చి దాగోను వాక్యం ఎత్తుకునేవాడు. పనిగట్టుకుని వెళ్ళేవాడని నా అనుమానం.

నాకు అక్కడ గుర్తొచ్చేది యెషయా 46. "బేలు కూలుచున్నది, నెబో క్రుంగుచున్నది." పశువుల మీద బరువుగా ఎక్కించిన దేవుళ్ళు. బేలంటే బబులోను మర్దూకు, నెబో అతని కొడుకు. ఏటా కొత్త సంవత్సరం పండక్కి వాళ్ళను ఊరేగించేవారు. క్రీ.పూ. 586లో యెరూషలేము తగలబడ్డాక చెరపట్టి తెచ్చిన యూదులు ఆ వీధుల పక్కన నిలబడి చూసేవాళ్ళు. గెలిచినవాడి దేవుడు బంగారు తొడుగుతో భుజాల మీద వెళుతుంటే, గుడి పోయి, ఊరు పోయి, చెప్పుకోవడానికి ఒక విగ్రహం కూడా లేనివాళ్ళు చూస్తున్నారు. అప్పుడు పుట్టిన వెటకారం అది. మీ దేవుణ్ణి మీరు మోస్తున్నారు, మా దేవుడు తల నెరిసేదాకా మమ్మల్ని మోస్తాడు. కిందపడి ఉన్నవాడు పైకి చూసి అన్న మాట. దాన్ని వాకింగు బూట్లు వేసుకుని ఇసుకలో నిలబడి అంటే అంత బాగుండదని నాకెందుకో అనిపిస్తుంది. విగ్రహానికి మొక్కకూడదన్న ఆజ్ఞ నాకు ఇప్పటికీ ఆజ్ఞే. అందులో నాయనమ్మకు లేని మెత్తదనం నాకూ లేదు.

పోయిన చవితికి పురసవాక్కంలో పనుండి వెళ్ళి జనంలో ఇరుక్కున్నాను. నిమజ్జనం బండి ఒకటి వస్తోంది. ముందు పది పన్నెండుమంది కుర్రాళ్ళు డప్పు కొడుతున్నారు. చొక్కాలు తడిసి వీపుకు అంటుకున్నాయి. ఒకడి వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది, దాని మీద రక్తం మరక. వాళ్ళంతా మాకు ఎదురుగా, సామికి వీపు పెట్టి నడుస్తున్నారు. బండి నా ముందు నుంచి వెళ్ళిపోయింది. ఆ విగ్రహం నిలబడి ఉందో కూర్చుని ఉందో నేను చూడలేదు.

బొమ్మల తాత 80ల్లోనే పోయాడు. కొట్టం ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు. కట్టేటప్పుడు దిష్టిబొమ్మ వేలాడదీశారు. యిర్మీయా ప్రవక్త విగ్రహాలను తాటిచెట్టుతో పోల్చాడని మా పాత బైబిల్లో ఉంటుంది. కొత్త అనువాదాల్లో దోసతోటలో దిష్టిబొమ్మ అని మార్చారు. తాత వింటే ఎవరు చేసిన దిష్టిబొమ్మ అని అడిగేవాడు.

నాయనమ్మ 1991లో పోయింది. పెట్టెలో ఆమెతో పాటు బైబిలు కూడా పెట్టి పంపుదామని అమ్మ అంటే నేనే వద్దని తీసుకున్నాను. గింజ ఎరుపు కొద్దిగా ముదిరింది గానీ మెరుపు పోలేదు. ఇన్నేళ్ళ బరువుకు పేజీల్లో గుంట పడింది. 115లో లోతుగా, 116లో, 117లో, 118లో తేలికవుతూ వచ్చింది. 119వ కీర్తన సంగతి మీకు తెలుసుగా, 176 వచనాలు. దాన్ని దాటలేక మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.